అల్లపు కొమ్ములు



గత మాసము మాకు చేరిన ఉత్తరములలో ఒకటి మమ్ములను చాలాసేపు ఆలోచింపజేసింది. రాసినది ఒక సోదరి. ఆమె పేరు గాని, ఊరి పేరు గాని ఇక్కడ వేయడము లేదు. ఆమె భర్త పొలము నుండి వచ్చి, అన్నము తిని, మంచము మీద ఒరిగి సెల్‌ఫోనులో హాస్య దృశ్యములు చూస్తూ పగలబడి నవ్వుతాడట. పత్తి పెట్టుబడికి తెచ్చిన అప్పు అలాగే ఉన్నది. పిల్లల ఫీజు కట్టలేదు. "నవ్వడము తప్పా అని నేను అడుగుతలేను. ఇంటి మీద ఇంత బరువు పెట్టుకొని ఈయనకు నవ్వు ఎట్లా వస్తున్నదో నాకు అర్థమైతలేదు. నేను గూడ పక్కన కూర్చొని నవ్వాల్నా, లేక ఫోను గుంజుకొని బావిలో పడేయాల్నా?" అని రాసింది.

మొదట మేమే నవ్వాము. తరువాత ఉత్తరము మరల చదివి ఊరుకున్నాము. ఎందుకంటే ఇటువంటి ప్రశ్న మా ఇంటిలోనే ఒకప్పుడు లేచింది. అప్పటికి ఫోను లేదు, టెలివిజను లేదు. ఒక నాటకము ఉండినది. ఆ నాటకమును గూర్చి, దానిని ఆడిన మనిషిని గూర్చి, ఈ మాసము మీతో ముచ్చటించదలచాము.

హైదరాబాదు పాతబస్తీ అనగానే మన పల్లెలవారికి చార్మినారు, గాజుల లాడ్‌బజారు, ఇరానీ చాయ జ్ఞాపకము వస్తాయి. పేపర్లలో చదివినవారికి కర్ఫ్యూలు, అల్లర్లు గూడ జ్ఞాపకము వస్తాయి. అక్కడ కొన్ని మాసములు కాపురమున్న మాకు మాత్రము ముందు జ్ఞాపకము వచ్చేది నవ్వు. అరుగుల మీద నవ్వు, హోటలు బల్లల దగ్గర నవ్వు, బస్సు రాక ఆలస్యమైతే నవ్వు.

ఆ నవ్వు సగము అక్కడి మాటలో ఉన్నది. దానిని దక్కనీ అంటారు. ఉర్దూ వంటిదే గాని, నాలుగువందల ఏండ్లకు పైగా తెలుగుతోను, మరాఠీతోను, కన్నడముతోను కలసి మెలసి పెరిగినది. 'వద్దు' అనడానికి 'నక్కో' అంటారు; అది మరాఠీ నుండి వచ్చిన మాట. 'అవును' అనడానికి 'హౌ'. 'ఎందుకు' అనడానికి 'కైకూ'. ఇక 'పరసోం' అనే మాట ఉన్నది. నిఘంటువులో దాని అర్థము మొన్న. పాతబస్తీలో దాని అర్థము మొన్న కావచ్చు, నిరుడు కావచ్చు, నిజాము గద్దె మీద ఉన్న రోజు గూడ కావచ్చు. "పరసోం ఇస్తాను" అని అప్పు తీసుకొన్నవాడు ఎన్నడు తిరిగి ఇస్తాడో మీరే ఊహించుకోండి.

ఉత్తర దేశపు పెద్దలు ఈ మాటను చాలాకాలము మోటు మాటగా చూశారు. అయితే 1965లో 'గుమ్‌నామ్' అనే హిందీ చిత్రములో మెహమూద్ బట్లరు వేషము వేసి ఈ యాసలోనే మాట్లాడి దేశమంతటిని నవ్వించారు. సరిగా అదే సంవత్సరము, హైదరాబాదులోనే పుట్టి పెరిగిన బబ్బన్ ఖాన్ అనే యువకుడు ఈ యాసలోనే ఒక నాటకము రాసి ఆడారు. దాని పేరు 'అద్రక్ కే పంజే'. మాటకు మాట చెప్తే అల్లపు పంజాలు. మన ఇండ్లలో అల్లపు కొమ్ములు అంటాము. అల్లము దుంపను చేతిలో పట్టుకొని చూడండి. ఒక కొమ్ముకు ఇంకొక కొమ్ము, దాని పక్కన మరొకటి, వరుస లేకుండా అన్ని దిక్కులకు పొడుచుకొని వస్తుంది. పిల్లల మీద పిల్లలు పుట్టే ఇంటికి ఆ పేరు ఎంత చక్కగా అతికిందో!

కథ చిన్నది. చాలీచాలని జీతమున్న ఒక గుమాస్తా. ఇంటినిండా పిల్లలు. తలుపు దగ్గర అప్పులవాళ్ళు. అంతే. రాసినది, దర్శకత్వము వహించినది, ఖర్చు పెట్టుకొని ఆడించినది, ముఖ్య వేషము వేసినది అన్నీ బబ్బన్ ఖానే. 1965లో మొదలైన ఆ నాటకము 2001 వరకు నడిచింది. ముప్పై అయిదు ఏండ్లు! పదివేలకు పైగా ప్రదర్శనలు, సుమారు 60 దేశములు. గిన్నిస్ పుస్తకములోకి ఎక్కింది. సంక్రాంతికి ఒక నాటకము వేయడానికి రెండు నెలలు తిప్పలు పడే మన గ్రామ యువకులు ఈ లెక్కను ఒకసారి నెమరు వేసుకోవాలి. అదే వేషము, అదే తలుపు, అవే అప్పులు, పదివేల సార్లు.

ఆ రోజులు ఎటువంటివో పెద్దవారికి తెలుసు. 1961లో దేశ జనాభా సుమారు 44 కోట్లు. 1971 నాటికి 55 కోట్లకు దగ్గరైంది. 1965లో వానలు తప్పాయి. సరిహద్దులో యుద్ధము. ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రిగారు వారానికి ఒక పూట భోజనము మానుకోండి అని ప్రజలను కోరారు. అమెరికా నుండి పి.ఎల్. 480 గోధుమలు ఓడలలో దిగితేనే పట్టణాలలో రేషను నడిచేది. గోడల మీద కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణములు వెలిసినవి. త్రికోణమును చూసి ఎవ్వరు నవ్వలేదు, ఎవ్వరు ఏడ్వలేదు. మేకలు ఆ గోడకు వీపు రాచుకొనేవి. బబ్బన్ ఖాన్ ఆ త్రికోణము చెప్పే సంగతినే చెప్పారు. అయితే గోడ మీద నుండి గాక ఇంటి లోపలి నుండి చెప్పారు.

ఇక మా సంగతి.

1974లో మాకు పందొమ్మిది ఏండ్లు. నల్లగొండ జిల్లాలోని మా ఊరి నుండి పని నేర్చుకొనే నిమిత్తము హైదరాబాదు వచ్చాము. మా చిన్నాయన పాతబస్తీలో ఛత్తా బజారులో అచ్చు కూర్చే పని చేసేవారు. ఛత్తా బజారు అంటే పెండ్లి పత్రికల బజారు. ఉర్దూ అక్షరములను కలముతో అందముగా దిద్దే కాతిబులు అక్కడ వరుసగా కూర్చొని ఉండేవారు. చిన్నాయన పనిచేసే ప్రెస్సులో తెలుగు అక్షరముల పెట్టెకు ఆయన ఒక్కడే దిక్కు. షాలిబండ అవతల ఒక సందులో, రెండు గదుల పోర్షనులో మా కాపురము. పక్క పోర్షనులో కరెంటు ఆఫీసులో పనిచేసే ఒక పెద్దమనిషి ఉండేవారు. ఆయనను అందరు చచ్చా అని పిలిచేవారు. మమ్ములను ఆయన "క్యా మియా" అనేవారు. మాకు ఉర్దూ అంతంత మాత్రము. మేము తప్పు మాట్లాడినప్పుడల్లా ఆయన దిద్దకుండా, మేము అన్నట్లే తిరిగి అని, కండ్లలో నీళ్ళు తిరిగేదాకా నవ్వేవారు. వారమైన తరువాత మాకు గూడ నవ్వు రావడము మొదలుపెట్టింది.

ఒకనాడు చచ్చా టికెట్లు తెచ్చారు. "మియా, అద్రక్ కే పంజే చూడకుండా ఊరికి పోతే హైదరాబాదు వచ్చినట్టు లెక్క గాదు" అన్నారు. మాకు భయము. మా ఇంటిలో నాటకములు, సినిమాలు చూసే అలవాటు లేదు. విశ్వాసులైన వారికి తగదు అని మా పెద్దలు అనేవారు. చిన్నాయనను అడిగితే ఆయన అక్షరములు ఏరుకొంటూనే, "పోయి రా. వచ్చినాక ఏమి చూసినవో నాకు చెప్పు" అన్నారు. ఆయనకు గూడ చూడాలని ఉన్నదేమో అని మాకు ఇప్పుడు తోస్తున్నది.

నయాపూలు దాటి, అఫ్జల్‌గంజ్ దగ్గర బస్సెక్కి, రవీంద్రభారతి చేరాము. ఠాగూరు శతజయంతి సందర్భములో కట్టిన ఆ పెద్ద భవనములోకి చెప్పులతో పోవచ్చా అని గుమ్మము దగ్గర ఆగితే చచ్చా మా భుజము పట్టి లోపలికి తోశారు.

తెర లేచింది. జనము మొదటి మాటకే నవ్వారు. రెండవ మాటకు మరల నవ్వారు. చచ్చా తొడ మీద చరుచుకొంటున్నారు. మేము నవ్వలేకపోయాము. మాట అర్థము కాక కాదు. బాగా అర్థమై నవ్వలేకపోయాము.

ఆ వేదిక మీద ఉన్నది మా ఇల్లు. మా నాయన ప్రాథమిక పాఠశాల పంతులు. జీతము ఏ నెలది ఆ నెల వచ్చేది కాదు. రెండు నెలలకో, మూడు నెలలకో ఒకసారి వచ్చేది. మేము ఏడుగురము సంతానము. కిరాణా ఉద్దెర, పాల ఉద్దెర, బట్టల ఉద్దెర. సావుకారు మనిషి సందు మొగన కనిపిస్తే నాయన పెరటి తలుపు గుండా బయటికి పోయేవారు. మాలో ఎవరో ఒకరము వాకిటికి వచ్చి, నాయన ఇంట లేడు అని చెప్పాలి. ఆదివారము బడిలో అబద్ధము ఆడకూడదు అని నేర్చుకొని వచ్చి, సోమవారము పొద్దున ఈ అబద్ధము చెప్పేవారము. అమ్మకు మొత్తము అప్పు ఎంతో తెలియదు. నాయన చెప్పలేదు. ఇంటిలో ఆ మాట ఎత్తకూడదు అన్నది ఎవరు పెట్టకపోయినా ఒక నియమము.

మరి ఇప్పుడు వెయ్యిమంది మనుషులు డబ్బిచ్చి కూర్చొని మా నాయనను చూసి నవ్వుతున్నారు అనిపించింది. లేచి పోదామా అనుకొన్నాము. అప్పుడు పక్కకు చూస్తే చచ్చా నవ్వుతూనే పైజామా జేబులోనుండి రుమాలు తీసి కండ్లు తుడుచుకొంటున్నారు. ఆయనకు తొమ్మండుగురు పిల్లలు. మా పోర్షనుకు ఆయన ఇంటి గోడ ఒక్కటే గనుక నెల చివరి రోజులలో ఆ ఇంటి తలుపు ఎవరెవరు తట్టేవారో మాకు తెలుసు. ఆయన నవ్వుతున్నది ఎవరినో చూసి కాదు. ముందు వరుసలో ఉన్నవారి సంగతి మేము చెప్పలేము గాని, మా వరుసలో ఉన్నవారు చాలామంది చచ్చా వంటివారే. ఎక్కడ అని చెప్పలేము గాని, నాటకము సగములో ఒకచోట మాకు గూడ నవ్వు వచ్చింది. వచ్చిన తరువాత ఆగలేదు.

ఇక్కడ కొంచెము ఆగి ఇంకొకరి సంగతి చెప్పాలి. వేదిక మీది గుమాస్తా కల్పిత గుమాస్తా. నిజముగానే లెక్కల బల్ల దగ్గర నుండి లేచి వచ్చి నవ్వించిన ఒకరు అమెరికాలో ఉండేవారు. పేరు బాబ్ న్యూహార్ట్. 1929లో షికాగో పక్కన పుట్టారు. సైన్యములో రెండు ఏండ్లు చేసి వచ్చి, ఒక కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగములో చేరారు. సాయంత్రము చిల్లర పెట్టెకు, లెక్కకు పొంతన కుదరకపోతే, గంటల తరబడి వెదకలేక ఆ తేడాను తన జేబులో నుండి వేసేవాడినని ఆయనే చెప్పుకొనేవారు. అటువంటి వానికి లెక్కల బల్ల ఎన్నాళ్ళు నిలుస్తుంది?

విసుగు పోగొట్టుకోవడానికి ఆయన, ఒక స్నేహితుడు ఫోనులో ఒకరినొకరు నవ్వించుకొనేవారు. అవి టేపు చేశారు. తరువాత స్నేహితుడు తప్పుకొన్నా న్యూహార్ట్ ఒక్కరే సాగించారు. ఫోను పట్టుకొని ఒక పక్క మాటలే చెప్తారు. అవతలివాడు ఏమన్నాడో మనమే ఊహించుకోవాలి. 1960 ఫిబ్రవరిలో హ్యూస్టన్ నగరములో, అప్పటిదాకా క్లబ్బు వేదిక ఎక్కని ఆ మనిషిని నిలబెట్టి రికార్డు చేశారు. ఆ గ్రామఫోను రికార్డు పేరు 'ది బటన్-డౌన్ మైండ్ ఆఫ్ బాబ్ న్యూహార్ట్'. పాటలు లేవు, వాద్యములు లేవు, వట్టి మాటలు. అది అమెరికా అమ్మకముల పట్టికలో మొదటి స్థానమునకు ఎక్కింది. హాస్యపు రికార్డు ఒకటి ఆ స్థానమునకు చేరడము అదే మొదటిసారి. 1961లో ఆ సంవత్సరపు ఉత్తమ రికార్డుగా గ్రామీ బహుమానము వచ్చింది. గొప్ప గాయకులను దాటి ఒక మాజీ లెక్కల గుమాస్తా!

తరువాత టెలివిజనులో ఆయన పేరుతోనే ఒక ధారావాహిక 1972 నుండి 1978 వరకు, మరొకటి 1982 నుండి 1990 వరకు నడిచాయి. ఆయనకు మాట తడబాటు ఉండేది. కొంచెము తగ్గించుకొని మాట్లాడు, సమయము కలసి వస్తుంది అని ఒక నిర్మాత అన్నాడట. నేను ఉంటున్న ఇల్లు ఈ తడబాటు కొనిపెట్టినదే అని జవాబు చెప్పానని న్యూహార్ట్ చెప్పుకొనేవారు. నటనకు ఇచ్చే ఎమ్మీ బహుమానము మాత్రము 2013లో, ఎనభై దాటిన తరువాత వచ్చింది. అరువది ఏండ్లు ఒకే భార్యతో కాపురము చేసి, 2024 జులైలో, తొంబదినాలుగవ ఏట కన్నుమూశారు. బూతు లేకుండా, ఎవరినీ కించపరచకుండా ఇంత కాలము నవ్వించడము సామాన్యము కాదు. తన తడబాటునే పెట్టుబడిగా పెట్టుకొన్నారు, ఇతరుల తడబాటును కాదు.

తిరిగి పాతబస్తీకి వస్తాము. బబ్బన్ ఖాన్ ఒక్కరే ఊడిపడలేదు. 1962లో 'జిందాదిలానే హైదరాబాద్' అనే హాస్యప్రియుల సంఘము ఏర్పడింది. 1968 నుండి ముస్తఫా కమాల్‌గారు మొజంజాహి మార్కెట్టు దగ్గర ఒక చిన్న గదిలో నుండి 'షగూఫా' అనే ఉర్దూ హాస్య మాసపత్రికను అయిదు దశాబ్దములకు పైగా నడిపారు. మాసపత్రిక నడపడము అంటే ఏమిటో మాకు కొంచెము తెలుసు గనుక ఆయనకు ఇక్కడి నుండే చేతులెత్తి మ్రొక్కుతున్నాము. చందాలు వసూలు చేయడముకన్నా నవ్వించడము సులువు.

ముజ్తబా హుస్సేన్‌గారి సంగతి వేరు. 'సియాసత్' ఉర్దూ దినపత్రికలో 'శీషా-ఓ-తేషా' అనే హాస్య శీర్షిక ఉండేది. అద్దము, బాడిసె అని అర్థము. 1962లో ఆ శీర్షిక రాసే షాహిద్ సిద్దీఖీగారు మరణించారు. పత్రిక ఆగదు గదా. పత్రికలో పెద్దగా ఉన్న అన్నగారు తమ్ముడు ముజ్తబాను పిలిచి, ఇక నీవు రాయి అన్నారు. ఒక మనిషి పోయిన దుఃఖములో, పోయినవాని కుర్చీలో కూర్చొని, ఇరవై ఆరేండ్ల యువకుడు జనమును నవ్వించడానికి కలము పట్టాడు. ఆ తరువాత దాదాపు అరువది ఏండ్లు ఆ కలము దించలేదు. 2007లో పద్మశ్రీ వచ్చింది. 2020 మే మాసములో హైదరాబాదులో పరమపదించారు. నవ్వించేవారికి దుఃఖము ఉండదు అనుకొనేవారు ఈ ఒక్క సంగతి జ్ఞాపకము పెట్టుకొంటే చాలు.

బైబిలు చదివే మనకు ఇది కొత్త గాకూడదు. ఎదురుచూసి ఎదురుచూసి అలసిన వృద్ధ దంపతులకు పుట్టిన బిడ్డ పేరు ఇస్సాకు. ఆ మాటకు అర్థము నవ్వు. ఆ తల్లి మొదట నవ్విన నవ్వు సంతోషపు నవ్వు కాదు, నమ్మలేని నవ్వు. తరువాతది వేరు.

నాటకముతో మాకు ఒక పేచీ గూడ ఉన్నది. పిల్లలు ఎక్కువగా ఉండడమే పేదరికమునకు కారణము అని చెప్పడము సగము నిజమే. పాతబస్తీలో పనులు లేకపోవడము, జీతములు చాలకపోవడము మిగిలిన సగము. చచ్చాకు నలుగురే పిల్లలుంటే అప్పులవాళ్ళు వచ్చేవారు కాదా? తక్కువమంది వచ్చేవారేమో. పేదవాని పిల్లలను లెక్కబెట్టి నవ్వడము, లెక్కబెట్టేవాడు కడుపు నిండినవాడైతే, చాలా త్వరగా ఈసడింపుగా మారిపోతుంది. ఎమర్జెన్సీలో ఆ ఈసడింపు ఎక్కడిదాకా పోయిందో చూశాము. 1976–77 ఒక్క సంవత్సరములోనే దేశములో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. అనేకచోట్ల బలవంతముగా చేశారు. బబ్బన్ ఖాన్ ఎవరినీ బలవంతము చేయలేదు. తానే ఆ గుమాస్తా అయి నిలబడ్డారు. ఆ భేదమును మేము చాలా పెద్ద భేదముగా ఎంచుతున్నాము.

కాలము ఎట్లా తిరిగిందో చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను సగటున ఒక స్త్రీకి ఇద్దరు పిల్లలు గూడ లేరు. ఇద్దరికన్నా ఎక్కువమంది ఉంటే సర్పంచిగా నిలబడరాదు అన్న నియమమును ఆంధ్రప్రదేశ్ 2024లో తీసివేసింది. ఇంకా కనండి అని నాయకులే అడిగే రోజు వచ్చింది. ఆ గుమాస్తాను ఇప్పుడు ఎవరైనా వేదిక ఎక్కిస్తే ముందు సన్మానము చేయవలసి వస్తుంది. అప్పులవాళ్ళు మాత్రము శాలువ చూసి వెనుకకు పోరు.

పాతబస్తీ నవ్వు గూడ ఆగలేదు. 2006లో 'ది అంగ్రేజ్' అనే చిన్న చిత్రము వచ్చింది. చార్మినారు దగ్గర చాయ తాగుతూ పనిలేక ముచ్చట్లు పెట్టే నలుగురి కథ దానిలో సగము. ఆ మాటలు ఇప్పటికి పిల్లల ఫోనులలో తిరుగుతూనే ఉన్నవి. మాకు ఉత్తరము రాసిన సోదరి భర్త చూసి నవ్వేవాటిలో అవి గూడ ఉండవచ్చు.

అమ్మా, ఫోను బావిలో వేయవద్దు. బావి నీళ్ళు తాగేవి. ఒక రాత్రి పక్కన కూర్చొని ఆయన దేనికి నవ్వుతున్నాడో చూడండి. ఇంటి సంగతి మరచిపోవడానికి నవ్వుతున్నాడో, ఇంటి సంగతే అందులో కనిపించి నవ్వుతున్నాడో పక్కన కూర్చొన్నవారికి తెలుస్తుంది. మాకు ఇది ఎట్లా తెలుసు అంటే మా ఇంటిలో జరిగినది చెప్పాలి.

ఆ సంవత్సరము క్రిస్మసుకు ఊరికి పోయాము. రాత్రి అన్నములైనాక, వాకిటిలో మంచముల మీద అందరు కూర్చొని ఉండగా, చిన్నవాళ్ళు పట్నపు ముచ్చట చెప్పుమన్నారు. భయపడుతూనే నాటకము చూశామని చెప్పాము. నాయన ఏమీ అనలేదు. చెప్పనీ అన్నట్లు తల ఊపారు. మేము కథ ఎత్తుకొన్నాము. మాకు ఉర్దూ మాటలు జ్ఞాపకము లేవు గనుక మా ఊరి మాటలు పెట్టాము. అప్పులవాళ్ళు వచ్చే చోట మాకు తెలియకుండానే మా కిరాణా సావుకారు గొంతు వచ్చేసింది. ఆయన దగ్గు, ఆయన కర్ర చప్పుడు, "పంతులుగారూ" అని సాగదీసి పిలవడము. చిన్న తమ్ముడు లేచి పెరటి తలుపు వైపు పరుగెత్తి గుమాస్తా వేషము కట్టాడు.

అమ్మ గట్టిగా ఊపిరి పీల్చింది. ఒక్క క్షణము ఎవ్వరు కదలలేదు. అయిపోయింది, ఈ రోజు దెబ్బలు తప్పవు అనుకొన్నాము. అప్పుడు నాయన నవ్వారు. మొదట ముక్కుతో, తరువాత నోరారా, చివరకు మంచము కోడు పట్టుకొని. నాయన అట్లా నవ్వడము మేము ఎన్నడు చూడలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డము పెట్టుకొని నవ్వింది. ఏడుగురము నవ్వాము. పక్క ఇంటివాళ్ళు ఏమైందో అని దీపము పట్టుకొని వచ్చారు.

వాళ్ళు పోయినాక నాయన లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టె అడుగు నుండి ఒక చిన్న నోటు పుస్తకము తెచ్చి అమ్మ ఒడిలో పెట్టారు. అమ్మకు చదువు రాదు. మమ్ములను చదువుమన్నది. కందిలి దగ్గరికి జరిపి చదివాము. కిరాణా, పాలు, బట్టలు, అక్క పెండ్లికి తెచ్చినది, అన్నీ కలిపి 1,140 రూపాయలు. అమ్మ, "గింతేనా? నేను రెండువేలు అనుకొని రాత్రులు నిద్ర పోతలేను" అన్నది.

మరునాడు నాయన, అమ్మ, వెనుక మేము, ముగ్గురము కలసి ముందరి తలుపు గుండానే సావుకారు కొట్టుకు పోయాము. నాయన పుస్తకము తెరిచి చూపించి, ఇతరుల బాకీలు గూడ తీర్చవలసి ఉన్నది గనుక నెలకు ముప్పై రూపాయలు ఇయ్యగలను, అంతకు మించి నా వల్ల కాదు అన్నారు. సావుకారు అద్దములు తీసి తుడుచుకొని, మా వైపు చూసి, "రాత్రి మీ ఇంట్లో ఏందో నవ్వులు వినబడ్డయట?" అన్నారు. ఊరిలో ఏదీ దాగదు. పట్నములో చూసిన నాటకమని, ఒక గుమాస్తా, అప్పులవాళ్ళు అని ముక్తసరిగా చెప్పాము. గొంతు సంగతి మాత్రము చెప్పలేదు.

"అందుల కిరాణా సావుకారు గూడ ఉన్నడా?"

"ఉన్నడు" అన్నాము.

ఆయన కాసేపు తక్కెడ వైపు చూసి, "మరి వాని పైసలు వానికి ముట్టినయా?" అన్నారు.

మేము నీళ్ళు నమిలాము. నాయనే అందుకొని, "ముట్టుతయి సావుకారూ, నెలకు ముప్పై" అన్నారు. సావుకారు ఖాతా పుస్తకము ముందుకు జరిపి, కలము నాయన చేతికి ఇచ్చారు.